“నాకేం జబ్బు లేదండీ, కొంచెం టెన్షన్ అంతే”: సొంతంగా తేరుకోవడం గురించి అపోహలు - వాస్తవాలు

నా దగ్గరికి వచ్చేవాళ్లు చాలామంది ఈ మాటతోనే మొదలుపెడతారు. ఇంకాస్త మాట్లాడాక తెలుస్తుంది, ఆ కొంచెం టెన్షన్‌కే ఆరు నెలల్లో రెండు ఈసీజీలు, ఒక ఎండోస్కోపీ, డబ్బాడు గ్యాస్ మాత్రలు, ఒక తాయెత్తు, యూట్యూబ్‌లో చూసి నేర్చుకున్న నాలుగు రకాల ప్రాణాయామాలు అయిపోయాయని.

నేను విజయవాడలో క్లినికల్ సైకాలజిస్టుని. మందులు రాయను. మాట్లాడతాను, అంతకంటే ఎక్కువగా వింటాను. మనుషులు తమంతట తాము చేసుకునే ప్రయత్నాలంటే నాకు చిన్నచూపు లేదు. కష్టం వచ్చిన వాళ్లలో ఎక్కువమంది మాలాంటివాళ్ల గడప తొక్కకుండానే తేరుకుంటారు. కానీ ఇంటింటా తిరిగే సలహాల్లో కొన్ని పుండు మీద కారం చల్లేవి ఉన్నాయి. నేను చూసినవాళ్ల సంగతులు చెప్పేచోట ఎవరూ గుర్తుపట్టకుండా వివరాలు మార్చాను.

అపోహ: జరిగింది మర్చిపోవాలి. దాని జోలికే పోకూడదు.

ముందుగా దీన్నే ఎత్తుకుంటున్నాను, ఎందుకంటే మా పనిలో సగం దీన్ని విప్పడమే.

2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు ఇళ్లలోకి నీళ్లొచ్చినప్పుడు ఒకావిడ ఇద్దరు పిల్లలతో డాబా మీద రెండు రాత్రులు గడిపింది. నీళ్లు తీశాయి, ఇల్లు కడుక్కున్నారు, బీరువా కొత్తది కొన్నారు. ఆవిడకు మాత్రం వాన చప్పుడు వింటే నిద్ర పట్టడం మానేసింది. మొదట్లో రాత్రి లేచి గుమ్మం దగ్గర నీళ్లున్నాయేమో చూసి వచ్చేది. తర్వాత మబ్బు పట్టిన రోజు పిల్లల్ని బడికి పంపడం మానేసింది. ఆ తర్వాత వార్తలు చూడటం, కాలువ వంతెన మీదుగా వెళ్లడం కూడా మానేసింది. ఇంట్లో వాళ్లు మంచి ఉద్దేశంతోనే “దాని గురించి ఎత్తొద్దు, మర్చిపోతుంది” అనుకున్నారు. ఏడాది తిరిగేసరికి ఆవిడ బతుకు రెండు గదులకు, ఒక వంటింటికి కుదించుకుపోయింది.

ఇది ఎలా జరుగుతుందంటే, భయపెట్టేదాని నుంచి తప్పుకున్న ప్రతిసారీ వెంటనే హాయిగా ఉంటుంది. ఆ హాయే చిక్కు. “తప్పుకున్నావు కాబట్టే బతికావు” అని బుర్ర రాసి పెట్టుకుంటుంది. మబ్బు పట్టినా ఏమీ కాలేదన్న సంగతి నేర్చుకునే అవకాశమే దానికి దొరకదు. ఇక ఆలోచనను అణచడం మరీ కష్టం. 1987లో డేనియల్ వెగ్నర్ అనే అమెరికన్ సైకాలజిస్టు కొందరు విద్యార్థులను ఐదు నిమిషాలపాటు తెల్ల ఎలుగుబంటి గురించి ఆలోచించవద్దన్నాడు, గుర్తొస్తే గంట కొట్టమన్నాడు. గంటలు మోగుతూనే ఉన్నాయి. ఆ తర్వాత ఆలోచించవచ్చని చెప్పినప్పుడు, మొదటినుంచీ ఆలోచించమని చెప్పినవాళ్ల కంటే వీళ్లకే అది ఎక్కువగా గుర్తొచ్చింది. కోతిని తలచుకోకుండా మందు తాగమన్న కథ మనకు ఎప్పటినుంచో ఉంది, ఆయన దాన్ని లెక్కగట్టి చూపించాడు.

వాస్తవం: భయాన్ని మెట్లు మెట్లుగా కలుసుకోవాలి. ఆవిడతో కలిసి ఒక చీటీ రాశాం. అన్నిటికంటే కింది మెట్టు, ఫోన్‌లో వాన చప్పుడు పెట్టుకుని బియ్యం ఏరడం. తర్వాత మబ్బు పట్టినప్పుడు వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చోవడం, చినుకుల్లో కిరాణా కొట్టుకు వెళ్లి రావడం, ఆఖరికి కాలువ గట్టు మీద నడవడం. ప్రతి మెట్టు దగ్గరా గాభరా కాస్త తగ్గేవరకు ఆగాలి, తగ్గకముందే పారిపోకూడదు. అదే మెట్టు మళ్లీ మళ్లీ ఎక్కాలి. విసుగు పుట్టిందంటే ఆ మెట్టు అయిపోయినట్టే.

ఆధార్ కార్డులు, పిల్లల సర్టిఫికెట్లు, ఇంటి కాగితాలు ప్లాస్టిక్ కవర్లో చుట్టి అటక మీద పెట్టడం ఆవిడ వరద తర్వాత చేసుకున్న అలవాటు. వాళ్లాయన దాన్నీ మాన్పించమన్నాడు. నేను ఒప్పుకోలేదు. ఆ వీధిలో ఉండేవాళ్లకు అది జాగ్రత్త. కవరు అటక మీద పెట్టి నిద్రపోతే జాగ్రత్త, రాత్రికి మూడుసార్లు లేచి కవరు ఉందో లేదో చూస్తే భయం.

ఒక హెచ్చరిక. కుక్క, లిఫ్టు, వాన, ప్రమాదం తర్వాత బండెక్కడం, ఇలాంటివాటికి ఈ మెట్ల పద్ధతి ఇంట్లో మొదలుపెట్టుకోవచ్చు. లైంగిక దాడి, కళ్లముందు జరిగిన ఘోరమైన చావు వంటివాటిని ఒంటరిగా తవ్వుకోకండి. పక్కన ఈ పని తెలిసిన నిపుణులు ఉండాలి.

అపోహ: అయితే వెంటనే అంతా కక్కేయాలి. ఏడవకపోతే గుండె పగిలిపోతుంది.

పై మాట చదివి కొందరు అటు చివరికి వెళ్లిపోతారు. చావు ఇంట్లో చూస్తుంటాం కదా. రాయిలా కూర్చున్న మనిషిని చుట్టూ చేరి “ఏడిపించండమ్మా, లోపలే పెట్టుకుంటే ప్రమాదం” అంటారు. వచ్చిన ప్రతివాళ్లూ మొదటినుంచి చివరిదాకా ఎలా జరిగిందో చెప్పిస్తారు. పరామర్శ పేరుతో ఒకే మనిషి ఒకే రోజున అదే ప్రమాదాన్ని ఇరవైసార్లు చెప్పాల్సి వస్తుంది.

మా వృత్తిలోనూ ఇదే పొరపాటు జరిగింది. 1980లలో అమెరికాలో ఒక పద్ధతి మొదలై చాలా దేశాలకు పాకింది. ప్రమాదం జరిగిన కొద్దిరోజుల్లోపే బాధితుల్ని కూర్చోబెట్టి, ఏం చూశారు, ఏమనిపించింది అని ఒకే దఫాలో అంతా చెప్పించేవారు. తర్వాత అధ్యయనాలన్నీ పోగేసి చూస్తే ఆ ఒక్క దఫా మాటల వల్ల ట్రామా జబ్బు (ఘోరం చూశాక నెల దాటినా వదలని పీడకలలు, ఉలికిపాటు) రాకుండా ఆగలేదు, ఒకటి రెండు అధ్యయనాల్లో అలా చెప్పించినవాళ్ల పరిస్థితే అధ్వానంగా ఉంది. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని వద్దంటోంది. 2011లో ఆ సంస్థ ఇచ్చిన మానసిక ప్రథమ చికిత్స పద్ధతిలో మూడే పనులు: చూడు, విను, కలుపు. ముందు ఆ మనిషికి ఏం కావాలో చూడాలి: నీళ్లా, పొడి బట్టలా, ఫోన్ ఛార్జరా. చెబితే వినాలి, చెప్పకపోతే తవ్వకూడదు. తర్వాత అయినవాళ్లతోనూ సాయం చేయగలవాళ్లతోనూ కలపాలి. చావు ఇంటికి క్యారియర్‌తో వచ్చి అన్నం వడ్డించి, మాట్లాడకుండా గిన్నెలు తోమి వెళ్లే పక్కింటావిడ ఈ మూడూ చేసేస్తుంది.

ఘోరం చూసిన ప్రతివాళ్లకూ ట్రామా జబ్బు వస్తుందనుకోవడం కూడా పొరపాటే. 1995లో వెలువడిన అమెరికా జాతీయ సర్వేలో మగవాళ్లలో 60 శాతం, ఆడవాళ్లలో 50 శాతానికి పైగా జీవితంలో ఒక్కసారైనా అలాంటి ఘటన ఎదుర్కొన్నారు. జబ్బు వచ్చింది మాత్రం మొత్తం జనంలో 8 శాతం లోపే. మొదటి కొన్ని వారాల్లో పీడకలలు, ఉలికిపాటు, అన్నం సయించకపోవడం ఉంటాయి. మన పెద్దవాళ్లు “జడుసుకున్నాడు” అనేది దీన్నే. చాలామందిలో అవి వాటంతటవే సద్దుమణుగుతాయి.

కొంతకాలం గడిచాక, చెప్పుకోవాలని ఉండి చెప్పుకునే మనిషి లేనివాళ్లు రాసుకోవచ్చు. 1986లో జేమ్స్ పెన్‌బేకర్, సాండ్రా బీల్ చేసిన ప్రయోగంలో విద్యార్థులు వరసగా 4 రోజులు, రోజుకు 15 నిమిషాలు తమ బాధను రాశారు. రాసిన వెంటనే ఇంకా దిగులు పడ్డారు. కానీ తర్వాతి నెలల్లో డాక్టరు దగ్గరికి వెళ్లడం తగ్గింది. తర్వాత వచ్చిన అధ్యయనాల్లో ఈ లాభం చిన్నదేనని తేలింది. ఖర్చు ఒక నోటు పుస్తకం కాబట్టి నేను చెబుతూనే ఉంటాను. రాశాక చించేసుకోండి, ఎవరికీ చూపించక్కర్లేదు.

అపోహ: కోపాన్ని దేనిమీదో ఒకదానిమీద చూపించి తీర్చుకోవాలి.

దిండును గుద్దడం, ప్లేట్లు పగలగొట్టడం. 2002లో బ్రాడ్ బుష్‌మన్ చేసిన ప్రయోగంలో, తమకు కోపం తెప్పించిన మనిషిని తలచుకుంటూ సంచిని గుద్దినవాళ్లకే అందరికంటే ఎక్కువ కోపం మిగిలింది. ఏమీ చేయకుండా రెండు నిమిషాలు ఊరికే కూర్చున్నవాళ్లు నయం. నడిచి రండి, కానీ నడుస్తూ ఆ మనిషితో మనసులో వాదన వేసుకోకండి.

అపోహ: గాభరాగా ఉన్నప్పుడు గట్టిగా, లోతుగా ఊపిరి పీల్చాలి.

బస్సులో ఎవరికైనా గుండెదడ వస్తే చుట్టూ ఉన్నవాళ్లు చెప్పే మొదటి మాట ఇది. నాకు చాలా చికాకు తెప్పించే మాట కూడా ఇదే, ఎందుకంటే సగం నిజం.

గాభరాలో ఉన్న మనిషి అప్పటికే అవసరానికి మించి గాలి పీలుస్తున్నాడు. ఇంకా గట్టిగా పీల్చమంటే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ మరింత పడిపోతుంది. దాంతో తల తిరుగుతుంది, వేళ్లు, పెదాల చుట్టూ తిమ్మిర్లెక్కుతాయి, ఛాతీ బిగుసుకున్నట్టుంటుంది. ఇవి చూసుకుని “గుండెపోటే” అనుకుంటాడు, ఇంకా వేగంగా పీలుస్తాడు. ఇలా ఆటో ఎక్కి అత్యవసర విభాగానికి వెళ్లినవాళ్లు నా దగ్గరికి ఎందరో వచ్చారు. (మొదటిసారి ఛాతీ నొప్పి వస్తే వెళ్లాల్సిందే. గుండెను పరీక్ష చేయించకుండా “ఇది టెన్షనే” అని మీకు మీరు తేల్చుకోవద్దు. థైరాయిడ్, రక్తహీనత కూడా దడ పుట్టిస్తాయి.)

వాస్తవం: పీల్చడం కంటే వదలడం మీద ధ్యాస పెట్టాలి. ముక్కుతో మామూలుగా నాలుగు అంకెలు లెక్కపెట్టేంత పీల్చి, వేడి టీ మీద ఊదినట్టు మెల్లగా ఆరు అంకెల దాకా వదలండి. నిమిషానికి ఆరుసార్లు వస్తుంది. వదిలేటప్పుడు గుండె వేగం సహజంగానే కాస్త తగ్గుతుంది, ఆ తగ్గుదలను పొడిగించడమే ఇందులో కిటుకు. బాగున్న రోజుల్లో ఐదేసి నిమిషాలు సాధన చేయకపోతే అవసరం పడ్డప్పుడు అందిరాదు.

ధ్యానం అందరికీ మంచిదేనా అంటారు. చాలామందికి మంచిదే. కానీ పాత గాయం పచ్చిగా ఉన్నవాళ్లు కళ్లు మూసుకోగానే అదే దృశ్యం ముందుకొస్తే బలవంతంగా కూర్చోనక్కర్లేదు. కళ్లు తెరిచే ఉంచండి. గదిలో కనిపించే ఐదు వస్తువుల పేర్లు పైకి చెప్పండి, చన్నీళ్లతో ముఖం కడుక్కోండి, అరికాళ్లు నేలకు ఆనించి ఆ చల్లదనాన్ని గమనించండి. దడ పుట్టించే ధ్యానాన్ని ఆపితే పాపం రాదు.

అపోహ: పాజిటివ్‌గా ఆలోచిస్తే అన్నీ సర్దుకుంటాయి.

అద్దం ముందు నిలబడి “నేను గొప్పవాణ్ణి” అనుకోమంటారు. 2009లో కెనడా పరిశోధకులు ఇలాంటి వాక్యాన్నే కొందరితో అనిపిస్తే, తమ మీద తమకు గౌరవం తక్కువగా ఉన్నవాళ్లకు మనసు ఇంకా పాడైంది. నమ్మలేని మాట చెప్పుకుంటే లోపలి నుంచి ఎదురు సమాధానం వస్తుంది మరి. “ఈ నెల ఈఎంఐ గురించి భయంగా ఉంది, రేపు బ్యాంకులో అడిగి చూస్తాను” అనే వాక్యంలో పాజిటివ్ ఏమీ లేదు, కానీ అది నిజం, చేయగలిగింది.

ఆలోచనలు తెగకపోతే వాటికి వేళ కేటాయించండి. సాయంత్రం ఆరు నుంచి ఆరున్నర దాకా చింతించే సమయం. పగలు గుర్తొస్తే చీటీ మీద రాసి సాయంత్రానికి వాయిదా వేయండి. ఇది తమాషాగా ఉంటుంది కానీ 1980లలోనే పరీక్షించి చూసిన పద్ధతి.

అపోహ: మనసు బాగుపడ్డాక మళ్లీ పనులు మొదలుపెడతాను.

దిగులులో వరస తిరగబడుతుంది. ముందు పని, తర్వాత మనసు. చిన్న పని చాలు: స్నానం, మొక్కకు నీళ్లు, ఒక ఫోన్. ఇష్టం పుట్టేవరకు ఆగితే ఇష్టం పుట్టదు.

అపోహ: రెండు పెగ్గులో, ఒక నిద్రమాత్రో వేసుకుంటే తెల్లారేసరికి తేలికవుతుంది.

మద్యం తొందరగా నిద్ర పట్టిస్తుంది, కానీ రాత్రి రెండో సగంలో ఆ నిద్రనే ముక్కలు చేస్తుంది. ఇక గాభరా తగ్గించి నిద్ర పట్టించే ఆల్ప్రజోలం వంటి మాత్రలు. ఎప్పుడో రాసిన పాత చీటీ చూపించి ఏళ్లతరబడి కొనుక్కునేవాళ్లున్నారు. ఘటన జరిగిన మొదటి నెలలో ఒత్తిడి తగ్గించడానికి ఈ జాతి మాత్రలు ఇవ్వవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లోనే సూచించింది. అలవాటైపోయినవాళ్లు ఈ మాట చదివి రేపే ఆపేయకండి. ఒక్కసారిగా మానితే ఫిట్స్ రావచ్చు. డాక్టరే మెల్లగా తగ్గించాలి.

అపోహ: సొంత సాయం అంటే ఎవరికీ చెప్పకుండా నెగ్గుకురావడం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన స్వయం సహాయ పద్ధతిని ఉగాండాలో దక్షిణ సూడాన్ శరణార్థి మహిళల మీద పరీక్షించారు. 2020లో ఫలితాలొచ్చాయి, మూడు నెలల తర్వాత వాళ్లలో మనోవేదన తగ్గింది. పేరుకు స్వయం సహాయమే కానీ, వాళ్లు ఇరవై, ముప్పై మంది చొప్పున ఒకచోట కూర్చుని, తమ భాషలో రికార్డు చేసిన పాఠాలు వింటూ సాధన చేశారు. మన డ్వాక్రా సమావేశం లాంటి దృశ్యం ఊహించుకోండి.

నెల దాటినా పీడకలలు, ఉలికిపాటు తగ్గకపోయినా, పనికి వెళ్లలేకపోతున్నా, తాగుడు పెరుగుతున్నా, చనిపోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా ఇంకొకరి సాయం తీసుకోవాల్సిన వేళ అయింది. చావు ఆలోచన అయితే నెల దాకా ఆగొద్దు, ఈరోజే ఇంట్లో ఒకరికి చెప్పండి. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలీ మానస్‌కు 14416 నంబరు మీద పగలూ రాత్రీ ఎప్పుడైనా ఫోన్ చేయవచ్చు, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. ఏం చెప్పాలో తెలియకపోతే “నాకేం జబ్బు లేదండీ, కొంచెం టెన్షన్ అంతే” అని మొదలుపెట్టండి. అవతలివాళ్లకు ఆ మాట అలవాటే.