నీలం చుక్క చెప్పని సంగతి

అన్నం తింటుంటే పంటి కింద చిన్న ఇసుక రేణువు పడిందనుకోండి, నోటి నిండా ముద్ద ఉన్నా దాన్నొక్కదాన్నీ పట్టేస్తాం, దవడ దానంతటదే ఆగిపోతుంది. పళ్ళ మధ్య 20 మైక్రాన్ల రేకు, అంటే మిల్లీమీటరులో యాభయ్యో వంతు మందం ఉన్నది పెట్టినా చాలామంది గుర్తుపడతారు. పన్ను నేరుగా ఎముకకి అతుక్కుని ఉండదు. చుట్టూ సుమారు 0.2 మిల్లీమీటర్ల నారపొర ఒకటి దాన్ని పట్టుకుని ఉంటుంది, ఆ పొరలో ఉన్న నరాలదే ఈ పనితనమంతా.

ఇంత సున్నితమైన చోట ఫిల్లింగ్ వెంట్రుకవాసి ఎత్తుగా ఉంటే ఎలా ఉంటుందో నేను అనుభవించాను. ఎడమవైపు కింది దవడ పన్నుకి ఫిల్లింగ్ వేశాక డాక్టరుగారు పళ్ళు తగిలిన చోట మరక పడే నీలం కాగితం పెట్టి "కొరకండి, ఇప్పుడు పక్కకి రుద్దండి" అన్నారు. "ఎత్తుగా తగులుతోందా?" అని అడిగితే "లేదండీ" అన్నాను. అప్పటికి మత్తు దిగలేదు, సగం మూతి మొద్దుబారి ఉంది, ఆ స్థితిలో ఎవరికైనా ఏం తెలుస్తుంది? తర్వాత మూడు వారాలు ఆ వైపు ఇడ్లీ నమిలినా జివ్వుమనేది.

ఆ కాగితం తప్పుడుదేం కాదు. పన్ను ఎక్కడ తగులుతోందో చక్కగా చూపిస్తుంది, చవక, ప్రతి క్లినిక్‌లోనూ ఉంటుంది. కాకపోతే అది చెప్పేది అంతవరకే. పెద్ద మరక పడిన చోట ఎక్కువ బలం పడుతోందని అనిపిస్తుంది గానీ, పరీక్షించి చూసినప్పుడు మరక సైజుకీ బలానికీ సరైన పొంతన కనబడలేదు. వెడల్పుగా తగిలే చోట బలం పలచగా పరుచుకుని ఉండొచ్చు, సూదిమొనంత చుక్క మీద భారమంతా నిలబడి ఉండొచ్చు. పైగా ఏ పన్ను ముందు తగిలింది, ఏది తర్వాత తగిలింది అన్నది మరకల్లో ఉండదు.

కొరుకుడు బలాన్ని కొలవాలన్న కోరిక మాత్రం పాతదే. ఇటలీకి చెందిన శాస్త్రవేత్త బొరెల్లి దవడపళ్ళ మీదుగా తాడు వేసి, దానికి బరువులు కట్టి, దవడ ఎంత లేపగలదో చూశాడు. ఆ సంగతి 1680ల్లో అచ్చయింది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళలో దవడపళ్ళ దగ్గర కొరుకుడు బలం సాధారణంగా 500 నుంచి 700 న్యూటన్లు, అంటే దాదాపు 50 నుంచి 70 కిలోల బరువుతో సమానం. చెగోడీ టక్కున విరగడంలో ఆశ్చర్యం లేదు.

1980ల్లో అమెరికాలో విలియం మేనెస్ బృందం కొరుకుడు బలాన్ని తెర మీద చూపించే టీ-స్కాన్ అనే పరికరం తయారుచేసింది. గుర్రపునాడా ఆకారంలో ఉండే పలచటి ప్లాస్టిక్ రేకు, మందం సుమారు 0.1 మిల్లీమీటరు. దాని లోపల అడ్డంగా, నిలువుగా సిరాతో ముద్రించిన గీతలు ఉంటాయి. గీతలు కలిసే చోట ఒత్తిడి పడితే అక్కడ విద్యుత్ నిరోధం తగ్గుతుంది, కంప్యూటర్ దాన్ని రంగు స్తంభంగా మారుస్తుంది, కొరికే కాసేపూ ఆ స్తంభాలు లేవడం వీడియోలాగా నడుస్తుంది. నేను వెళ్ళిన రెండో చోట ఈ పరికరం ఉంది. కొరకగానే అన్నిటికంటే ముందు ఆ ఫిల్లింగ్ మీదే స్తంభం లేచింది, మొత్తం బలంలో 62 శాతం ఎడమవైపే పడుతోంది. మూడు వారాల నొప్పి తెర మీద కనబడేసరికి ఎంత ఊరట అనిపించిందో! ఒక్క చుక్కంత అరగదీశారు, మళ్ళీ కొరికించారు, రెండు వైపులూ దాదాపు సమానానికి వచ్చాయి.

ఇంప్లాంట్ల దగ్గర, అంటే దవడ ఎముకలో బిగించే కృత్రిమ పళ్ళ దగ్గర, ఈ 'ఎప్పుడు తగిలింది' అన్న ప్రశ్న ఇంకా ముఖ్యం. గట్టిగా కొరికితే సొంత పన్ను నారపొర మీద 25 నుంచి 100 మైక్రాన్ల దాకా కిందికి దిగుతుంది. ఎముకకి బిగిసిపోయిన ఇంప్లాంట్ మూడు నుంచి ఐదు మైక్రాన్లకి మించి కదలదు. మెల్లగా కొరికినప్పుడు అన్నీ సమంగా తగిలినా, గట్టిగా కొరికేసరికి పక్క పళ్ళు దిగిపోయి భారం ఇంప్లాంట్ మీద పడుతుంది, అక్కడ నారపొర లేదు కాబట్టి మనిషికి అంతగా తెలియదు కూడా. అందుకే ఇంప్లాంట్ రవ్వంత ఆలస్యంగా తగిలేలా చూస్తారు. ఆ ఆలస్యాన్ని కాగితం చూపించలేదు, ఈ రేకు చూపిస్తుంది.

అలాగని తెర మీది అంకెలన్నీ వేదవాక్కు కాదు. టీ-స్కాన్ చూపించేది శాతాలు, న్యూటన్లు కాదు. రేకుకే కొంత మందం ఉంది కాబట్టి కొరికే తీరు కాస్త మారొచ్చు, పదేపదే కొరికితే రేకు అరిగిపోతుంది. నాకు నిజంగా భయం వేసేది ఇంకోటి: శాతాలు సమానంగా లేవని, తలనొప్పికీ దవడ కీలు నొప్పికీ కారణం అదేనని చెప్పి మంచి పళ్ళని అరగదీయడం. అలా అరగదీస్తే దవడ కీలు జబ్బులు తగ్గుతాయనడానికి ఆధారం దొరకలేదని 2003లో వైద్య పరిశోధనలని కలిపి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ సమీక్ష తేల్చింది. ఒకసారి పోయిన ఎనామిల్‌ని, అంటే పంటి మీది గట్టి పొరని, శరీరం మళ్ళీ తయారుచేసుకోదు.

ఫిల్లింగో క్యాపో వేయించుకున్నవాళ్ళు మత్తు పూర్తిగా దిగాక నిటారుగా కూర్చుని రెండు వైపులా టకటకా కొరికి చూసుకోండి, ఒక్క పన్ను ముందుగా తగిలితే వారం ఆగకుండా మర్నాడే ఫోన్ చేయండి.