గని తవ్వకముందు గడ్డిని ఎక్కడ కొలవాలి?

అమెరికాలోని వ్యోమింగ్, మోంటానా రాష్ట్రాల్లో విస్తరించిన పౌడర్ రివర్ బేసిన్‌లో ఉపరితల బొగ్గు గని తెరవాలంటే, తవ్వబోయే మేత భూమిలో ఏయే మొక్కలున్నాయో, అవి నేలను ఎంతమేర కప్పాయో, మేత ఎంత వస్తుందో ముందుగానే కొలవాలి. వేల ఎకరాల్లో ప్రతి గడ్డిపోచనూ లెక్కపెట్టలేరు కనుక చిన్న నమూనా ప్లాట్లలో కొలుస్తారు. ఆ ప్లాట్లు ఎక్కడ పడాలన్నది మాత్రం కొలిచేవారి ఇష్టానికి వదలరు.

1970 నాటి స్వచ్ఛ వాయు చట్టంతో గంధకం తక్కువగా ఉండే ఈ ప్రాంతపు బొగ్గుకు గిరాకీ పెరిగింది. ఇక్కడ చాలాచోట్ల పైన పశువులు మేపుకునేది ఒకరైతే, కింది బొగ్గు ప్రభుత్వానిది. 1916 నాటి హోమ్‌స్టెడ్ చట్టం పశుపోషకులకు భూమి ఇస్తూ ఖనిజ హక్కును ప్రభుత్వం వద్దే ఉంచింది. తవ్విన చోట మళ్లీ మేత మొలుస్తుందా అన్నది వారికి బతుకు ప్రశ్న. అధ్యక్షుడు ఫోర్డ్ 1974లో, 1975లో రెండుసార్లు అడ్డుకున్న ఉపరితల గనుల బిల్లు, 1977 ఆగస్టు 3న తర్వాతి అధ్యక్షుడు కార్టర్ సంతకంతో చట్టమైంది. స్థానిక జాతుల వృక్షసంపదను శాశ్వతంగా నిలిచేలా తిరిగి పెంచాలని, ఏడాదికి 26 అంగుళాలకు మించి వాన పడని చోట ఆ బాధ్యత 10 ఏళ్లు కొనసాగాలని అది నిర్దేశించింది. పునరుద్ధరించిన నేల ప్రమాణంలో కనీసం 90 శాతాన్ని అందుకోవాలని, దాన్ని 90 శాతం గణాంక విశ్వాసంతో, అంటే నమూనా వల్ల పొరబడే అవకాశం 10 శాతం మించకుండా, నిరూపించాలని తర్వాతి నిబంధనలు చెప్పాయి.

ఆ ప్రమాణం ఎక్కడిది? తవ్వకముందు తీసిన కొలతలదే. ఒకసారి తవ్వాక పాత నేలను మళ్లీ కొలవడం ఎవరి తరమూ కాదు. పలచటి చోట్లు ఏరి కొలిస్తే ప్రమాణం దిగజారి పశుపోషకుడు నష్టపోతాడు, దట్టమైనవి ఏరితే అందుకోలేని ప్రమాణం కంపెనీ మెడకు చుట్టుకుంటుంది. నిజాయితీపరుడి కాలు కూడా నాగజెముడు ముళ్లను తప్పించుకుని మెత్తటి గడ్డి వైపే నడుస్తుంది.

కంటి అంచనా మోసం చేస్తుందని 1898లోనే నెబ్రాస్కా గడ్డి మైదానాల్లో వృక్షశాస్త్రజ్ఞులు పౌండ్, క్లెమెంట్స్ గుర్తించి, చతురస్రాలు గీసి మొక్కలను లెక్కపెట్టారు. ఆ చతురస్రం ఎక్కడ గీయాలన్నది చాలాకాలం శాస్త్రజ్ఞుడి విచక్షణగానే మిగిలింది. 1920లలో ఇంగ్లండ్‌లోని రోథామ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధనా కేంద్రంలో గణాంకవేత్త ఫిషర్ యాదృచ్ఛికతకు, అంటే ఎవరి ఇష్టంతోనూ పనిలేకుండా చీటీ తీసినట్టు ఎంచుకోవడానికి, గణిత పునాది వేయగా, 1927లో మరో గణాంకవేత్త టిప్పెట్ అలా ఎంచుకోవడానికి 41,600 యాదృచ్ఛిక అంకెల పట్టికను అచ్చువేశారు. మన ఊళ్లలో పంట కోత ప్రయోగం చూసినవారికి ఈ పద్ధతి తెలిసిందే: పొలాన్నీ, గట్టు మూల నుంచి వేయాల్సిన అడుగులనూ అంకెలే నిర్ణయిస్తాయి, రైతూ కాదు, అధికారీ కాదు.

పౌడర్ రివర్‌లో ముందుగా పటం మీద సేజ్‌బ్రష్ పొదల నేలను, గడ్డి నేలను, వాగు పక్క పల్లాన్ని వేరు చేసి, ఒక్కోదానిలో విడిగా యాదృచ్ఛిక అంకెలతో ప్లాట్ల బిందువులు తీస్తారు. మెట్ట మీద బోసినేల, పల్లంలో మోకాలెత్తు గడ్డి ఉండే చోట తేడాలు ఎక్కువ కనుక ప్లాట్లూ ఎక్కువే కావాలి. బిందువు దగ్గరికి చేరాక చట్రం దింపి, అందులో పడిన గడ్డిని కత్తిరించి సంచిలో కట్టి, ఆరబెట్టి తూకం వేస్తారు. చట్రంలో ఒక్క పోచ లేకపోయినా ఆ సున్నాను రాసుకోవాల్సిందే, పక్కకు జరపకూడదు.

యాదృచ్ఛిక ఎంపిక తీర్చలేని చిక్కు వాన. కరువు ఏడాది కొలిచిన మేతను మంచి వానల ఏడాదితో పోల్చడం న్యాయం కాదు. అందుకే తవ్వని ఒక సరిపోలే ముక్కను దగ్గర్లో అలాగే ఉంచి, పోల్చే ఏడాది రెండుచోట్లా ఒకే పద్ధతిలో బిందువులు తీసి కొలిచే వెసులుబాటును నిబంధనలు కల్పించాయి.