అరవై దాటాక చర్మం: మానని పుండు, మారే మచ్చ – అపోహలు, వాస్తవాలు

మా చర్మవ్యాధుల ఓపీకి వచ్చే పెద్దవాళ్లు ఎక్కువగా దురదనో, తామరనో, కాళ్ల పగుళ్లనో చెప్పుకోవడానికి వస్తారు. అసలు చూపించాల్సిన పుండు ఒక్కోసారి చివర్లో, చీటీ రాయించుకుని లేవబోతూ బయటపెడతారు: "ఇది కూడా ఒకసారి చూడండి డాక్టరమ్మా, రెండేళ్లుగా మానట్లేదు." మన ప్రాంతంలో చర్మ క్యాన్సర్ తక్కువే. వచ్చినవాళ్లు మాత్రం చాలా ముదిరాక వస్తున్నారు. ఎండ చేసే కీడు కన్నా ఈ ఆలస్యం చేసే కీడే మనవాళ్లకి ఎక్కువ అని నా గట్టి అభిప్రాయం. ఆ ఆలస్యం వెనక ఎప్పుడూ ఏదో ఒక నమ్మకం ఉంటుంది. నేను తరచూ వినేవి కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: మనది నల్ల చర్మం. చర్మ క్యాన్సర్ తెల్లవాళ్ల జబ్బు.

సగం నిజం. మన చర్మంలోని మెలనిన్ అనే రంగు పదార్థం ఎండలోని అతినీలలోహిత కిరణాలను చాలావరకు అడ్డుకుంటుంది. అందుకే ఆస్ట్రేలియా, అమెరికాల్లోని తెల్లవాళ్లతో పోలిస్తే మనకు చర్మ క్యాన్సర్ ఎన్నో రెట్లు తక్కువ. అయినా మూడు ముఖ్యమైన రకాలూ మనలో కనిపిస్తాయి.

మొదటిది బేసల్ సెల్ క్యాన్సర్. ముక్కు మీదో, కంటి లోపలి మూలనో, కింది రెప్ప మీదో చిన్న గింజలా మొదలవుతుంది. దగ్గరగా చూస్తే అంచు కొంచెం పైకి లేచి ముత్యంలా మెరుస్తుంది, మధ్యలో గుంట పడి పక్కు కడుతుంది. పక్కు రాలుతుంది, కాస్త రక్తం వస్తుంది, మళ్లీ పక్కు కడుతుంది. మనవాళ్లలో ఇది తరచూ నల్లగా ఉంటుంది కాబట్టి పుట్టుమచ్చ అనుకుని వదిలేస్తారు. వేరే అవయవాలకు పాకడం చాలా అరుదు. కానీ ఉన్నచోటే తవ్వుకుంటూ పోతుంది, ఏళ్లు గడిస్తే రెప్పనీ ముక్కునీ తినేస్తుంది. రెండోది స్క్వేమస్ సెల్ క్యాన్సర్. ఇది గరుకుగా, కండ పెరిగినట్టు ఉంటుంది, చంకల్లోకీ గజ్జల్లోకీ పాకి బిళ్లలు కట్టించగలదు. మూడోది మెలనోమా. అన్నిటికన్నా అరుదు, అన్నిటికన్నా ప్రమాదం.

అపోహ: ఎండ తగిలే చోటే వస్తుంది. బట్టల కింద భయం లేదు.

మన దేశంలో ఈ అపోహ చేసే నష్టం అంతా ఇంతా కాదు, అందుకే దీని గురించి కాస్త ఎక్కువే చెబుతాను.

చామనఛాయ, నల్లని చర్మం వాళ్లకు మెలనోమా వస్తే ఎక్కువగా వచ్చేది అరికాల్లో, అరచేతిలో, గోటి కింద. వీటికీ ఎండకీ సంబంధం లేదు. జమైకా గాయకుడు బాబ్ మార్లే 1981లో 36 ఏళ్లకే చనిపోయింది కాలి బొటనవేలి గోటి కింద మొదలైన మెలనోమాతోనే. అరికాల్లో కొత్తగా వచ్చిన నల్లమచ్చ పెరుగుతున్నా, రంగు ఒకచోట ముదురుగా ఒకచోట లేతగా ఉన్నా, అంచు వంకరటింకరగా ఉన్నా చూపించండి. గోటిలో నిలువుగా నల్లచార మనవాళ్లలో మామూలే, చాలామందికి రెండు మూడు గోళ్లలో ఉంటుంది. ఒకే గోటిలో కొత్తగా వచ్చి, వెడల్పు పెరుగుతూ, ఆ నలుపు గోరు దాటి పక్కనున్న చర్మంలోకి కూడా దిగితే ఆ వారమే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. ఆనెకాయ అనుకుని బ్లేడుతో చెక్కుకున్నవాళ్లను చూశాను. దయచేసి ఆ పని చేయకండి.

ఇక పాత కాలిన మచ్చలు. చిన్నప్పుడు వేడినీళ్లు పడో, కట్టెల పొయ్యి అంటుకునో కాలిన చోట ఇరవై ముప్ఫై ఏళ్ల తర్వాత కూడా పుండు లేచి క్యాన్సర్‌గా మారొచ్చు. దీన్ని మార్జోలిన్ పుండు అంటాం. కాలిన చర్మం ఎప్పుడూ బిగుతుగా ఉండి, కీలు దగ్గర పగులుతూ, మానుతూ, మళ్లీ పగులుతూ ఉంటుంది. అలా దశాబ్దాల పాటు ఒరుసుకుపోయిన చోటే ఇది మొదలవుతుంది. "ఆ మచ్చ నాకు పదేళ్లప్పటిది, కొత్తదేం కాదు" అంటారు. మచ్చ పాతదే, దాని మీద లేచిన పుండు కొత్తది.

మరొకటి నడుము. పంచె, లంగా బొందు ఏళ్ల తరబడి ఒకేచోట బిగించి కట్టడం వల్ల నడుము చుట్టూ చర్మం నల్లబడి, మందమై, ఒక్కోచోట తెల్లబారి, చివరికి కొందరికి పుండు పడుతుంది. బొంబాయి టాటా మెమోరియల్ ఆస్పత్రిలో పనిచేసిన వి.ఆర్. ఖానోల్కర్ 1945లోనే దీన్ని 'ధోతీ క్యాన్సర్' పేరుతో వర్ణించారు. తర్వాత చీర కట్టుకునేవాళ్లలోనూ ఇలాంటివి బయటపడ్డాయి. చాలా అరుదైనదే, భయపడి చీర మానేయక్కర్లేదు. సన్నటి బొందుకు బదులు వెడల్పాటి పట్టీ కుట్టించుకోండి, ముడి వేసే చోటు మారుస్తూ ఉండండి. నడుము మీద ఒరిపిడి పుండు నాలుగు వారాల్లో మానకపోతే సిగ్గుపడకుండా చూపించండి. మన అమ్మలూ అమ్మమ్మలూ ఇది ఇంట్లోవాళ్లకు కూడా చెప్పరు. కూతుళ్లూ కోడళ్లూ అడిగి తెలుసుకోవాలి.

అపోహ: నొప్పి లేదు కాబట్టి క్యాన్సర్ కాదు. షుగర్ ఉంది, అందుకే మానట్లేదు.

చర్మ క్యాన్సర్ మొదట్లో నొప్పి పెట్టదు. అదే దానితో వచ్చిన చిక్కు. నొప్పి ఉంటే మనవాళ్లు మర్నాడే బస్సెక్కుతారు.

షుగర్ ఉన్నవాళ్ల పుండు నెమ్మదిగా మానుతుందన్నది నిజమే. ఆ పేరు మీద ఏడాది పొడుగునా డ్రెస్సింగ్ చేయిస్తూ కూర్చోవడం తప్పు. షుగర్ అదుపులో ఉండి, చీము లేకుండా ఉండి, ఆరు వారాల డ్రెస్సింగ్ తర్వాత కూడా పుండు తగ్గే దారి పట్టకపోతే, లేదా అంచు పైకి లేచి గట్టిపడితే, కాలీఫ్లవర్‌లా కండ పెరిగితే, ముట్టుకోగానే రక్తం వస్తే, దుర్వాసన వస్తే ముక్క పరీక్ష (బయాప్సీ) అడగండి. డాక్టరు చెప్పేదాకా ఆగక్కర్లేదు, మీరే అడగవచ్చు.

అపోహ: ముక్క పరీక్ష చేస్తే, కత్తి తగిలితే పాకుతుంది.

ఊళ్లలోనే కాదు, బాగా చదువుకున్న ఇళ్లలో కూడా ఈ మాట వింటున్నాను. "కత్తి పెట్టకముందు మా మామగారు బాగానే తిరిగేవారు, పెట్టాకే పోయారు" అంటారు. ఆయన ఆస్పత్రికి వచ్చేసరికే జబ్బు పాకి ఉంటుంది, పరీక్ష దాన్ని బయటపెట్టిందంతే. ముక్క తీయడం వల్ల చర్మ క్యాన్సర్ ఒళ్లంతా పాకదు.

అసలు చేసేదేమిటో తెలిస్తే సగం భయం పోతుంది. పుండు పక్కన మత్తు సూది ఇస్తాం, ఒక్క నిమిషం చురుక్కుమంటుంది. తర్వాత పెన్ను రీఫిల్ కన్నా కొంచెం లావుండే, గుండ్రటి పదును ఉన్న పరికరంతో మూడు నాలుగు మిల్లీమీటర్ల ముక్క తీస్తాం. ఒకటో రెండో కుట్లు. ముక్కను ఫార్మలిన్ ఉన్న చిన్న సీసాలో వేసి పాథాలజీకి పంపుతాం. పేషెంటు అరగంటలో నడిచి ఇంటికి వెళ్తారు. మెలనోమా అనుమానం ఉన్న చిన్న మచ్చనైతే ముక్క కాకుండా వీలైనంత వరకు మొత్తంగా తీస్తాం, ఎందుకంటే అది చర్మంలోకి ఎంత లోతు దిగిందన్న లెక్క మీదే తర్వాతి వైద్యమంతా ఆధారపడి ఉంటుంది.

రక్తం పల్చబడే మాత్రలు వేసుకుంటున్నట్టయితే ముందే చెప్పండి. మీ అంతట మీరు ఆపకండి.

అపోహ: పులిపిరే కదా, సున్నం సోడా పెడితే రాలిపోతుంది.

సున్నం, చాకలి సోడా, జీడి రసం, పసరు, గుర్రపు వెంట్రుక కట్టడం అన్నీ చూశాను. నిజమైన పులిపిరి కొన్నిసార్లు రాలుతుంది కూడా. క్యాన్సర్ అయితే పైభాగం మాడిపోతుంది, అడుగున ఉన్నది అలాగే ఉండి మచ్చ కింద పెరుగుతుంది. పైన నున్నటి చర్మం కనిపిస్తుంటే మాకూ గుర్తుపట్టడం కష్టమవుతుంది. జీడి రసమైతే చుట్టూ చర్మాన్ని కూడా కాల్చి బొబ్బలు లేపుతుంది. అందుకే నలభై దాటిన వాళ్లకు కొత్తగా వచ్చిన ఏ పులిపిరినీ చూపించకుండా కాల్చకూడదు. బ్యూటీ పార్లర్‌లో కాటరీ పెట్టించడం (కరెంటు పరికరంతో కాల్పించడం) కూడా ఇందులోకే వస్తుంది.

అపోహ: ముసలితనంలో వచ్చే ప్రతి మచ్చా ప్రమాదమే.

ఇది ఎక్కువగా విదేశాల్లో ఉన్న పిల్లల నుంచి వస్తుంది. వీడియో కాల్‌లో నాన్న చెంప మీద నల్లమచ్చ చూసి, ఇంటర్నెట్‌లో వెతికి, రాత్రంతా నిద్రపోరు. వాళ్ల ఆదుర్దా నాకు అర్థమవుతుంది, అందుకే హానిలేనివి కూడా చెబుతున్నాను.

మైనం అతికించినట్టు చర్మం పైన కూర్చుని ఉండే గోధుమ, నలుపు రంగు మచ్చలు సెబోరిక్ కెరటోసిస్. చెంపల మీద మిరియాల్లా ఉండే చిన్న నల్లగింజలు కూడా దాని చుట్టాలే. ఒంటి మీద ఎర్రటి చుక్కలు రక్తనాళాల చిన్న గుత్తులు. కాళ్ల మీదా మోచేతుల కిందా బియ్యపు గింజంత తెల్లమచ్చలు బొల్లి కావు. వయసు వల్ల వస్తాయి, ఎండ కూడా ఒక కారణం అనుకుంటున్నాం, కలిసిపోయి పెద్దవి కావు. ముంజేతుల మీద ఊరికే పడే ఊదారంగు మరకలు ఎండకి చర్మం పల్చబడ్డ వాళ్లలో, ముఖ్యంగా ఆస్పిరిన్ వేసుకునేవాళ్లలో మామూలే. జీవితమంతా పొలంలో పనిచేసిన రైతుల మెడ వెనక చర్మం మందంగా, లోతైన గీతలతో గళ్లుగళ్లుగా ఉంటుంది. అదీ క్యాన్సర్ కాదు, ఎండ రాసిన లెక్క. వీటిలో ఏదైనా ఉన్నట్టుండి పెరిగినా, రంగు మారినా, రక్తం కారినా మాత్రం చూపించాలి.

అపోహ: జరగాల్సిన నష్టం చిన్నప్పుడే జరిగిపోయింది. ఇప్పుడు జాగ్రత్తలెందుకు?

జీవితకాలపు ఎండలో ఎనభై శాతం పద్దెనిమిదేళ్లలోపే తగులుతుందని ఒక లెక్క చాలాకాలం ప్రచారంలో ఉంది. అది తప్పు. పద్దెనిమిదేళ్లకు తగిలేది సుమారు పావు వంతే. మిగతాదంతా ఆ తర్వాత తగిలేదే.

ఆస్ట్రేలియాలోని మేరీబరోలో నలభై దాటిన వాళ్ల మీద ఒక వేసవి పాటు చేసి 1993లో ప్రచురించిన పరిశోధనలో, సన్‌స్క్రీన్ రాసుకున్నవాళ్లకి క్యాన్సర్‌కి ముందు దశ లాంటి గరుకు మచ్చలు కొత్తగా తక్కువ వచ్చాయి, ఉన్నవి కూడా కొన్ని మాయమయ్యాయి. క్వీన్స్‌లాండ్‌లోని నాంబోర్‌లో 1992 నుంచి 1996 దాకా 1,600 మందికి పైగా చేసిన పరిశోధనలో రోజూ రాసుకున్నవాళ్లలో స్క్వేమస్ సెల్ క్యాన్సర్లు సుమారు 40 శాతం తగ్గాయి. ఇవి ప్రధానంగా తెల్లవాళ్ల మీద వచ్చిన ఫలితాలు. మన రైతులందర్నీ రోజూ సన్‌స్క్రీన్ కొనమని నేను చెప్పను. తలపాగా, పొడుగు చేతుల చొక్కా, గొడుగు, పదకొండు నుంచి మూడు వరకు నీడ చాలు. బొల్లి మచ్చలు కమిలిపోయేవాళ్లు, పుట్టుకతో రంగు లేనివాళ్లు, కిడ్నీ మార్పిడి చేయించుకుని ఇమ్యూనిటీ తగ్గించే మందులు వాడేవాళ్లు, ఒకసారి చర్మ క్యాన్సర్ వచ్చినవాళ్లు మాత్రం ఎస్‌పీఎఫ్ (ఎండను ఆపే శక్తిని చెప్పే అంకె) 30కి తగ్గని సన్‌స్క్రీన్ రాసుకోవాలి. ముఖానికీ మెడకీ కలిపి రెండు వేళ్ల పొడవునా క్రీమ్ పిండితే సరిపోతుంది, బయట ఉంటే రెండు గంటలకోసారి మళ్లీ.

అపోహ: రామగుండం ఎండలు చూసినవాళ్లం, పిల్లలుండే ఆ చల్లటి దేశంలో ఎండ మమ్మల్నేం చేస్తుంది?

వేడి వేరు, అతినీలలోహితం వేరు. ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో డిసెంబరులో 22 డిగ్రీల చల్లటి రోజున కూడా మధ్యాహ్నం అతినీలలోహిత కిరణాల తీవ్రతను చెప్పే యూవీ సూచిక 10 దాటొచ్చు. సూచిక 3 దాటితే జాగ్రత్త పడమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మనవళ్లను ఆడించడానికి వెళ్లి పార్కులో గంటలు గంటలు కూర్చునే అమ్మమ్మ తాతయ్యలు టోపీ పెట్టుకోండి. అక్కడివాళ్లంత ముప్పు మీకు లేదు, కళ్లకీ చర్మానికీ దెబ్బ మాత్రం తప్పదు.

అపోహ: బీపీ మాత్ర వల్ల చర్మ క్యాన్సర్ వస్తుందట, ఆపేయాలి.

హైడ్రోక్లోరోథయజైడ్ అనే బీపీ మందు ఎక్కువకాలం వాడిన వాళ్లలో కొన్ని చర్మ క్యాన్సర్లు పెరిగాయని డెన్మార్క్ పరిశోధకులు గుర్తించారు. తెల్లవాళ్లలో. మాత్ర ఆపి పక్షవాతం తెచ్చుకోకండి. ఒకసారి చర్మ క్యాన్సర్ వచ్చి ఉంటే, మందు మార్చగలరేమో మీ డాక్టరుని అడగండి.

అపోహ: ఈ వయసులో ఆపరేషన్ ఎందుకు, ఉన్నన్నాళ్లు ఉంటారు.

ఈ మాట అనేది సాధారణంగా పేషెంటు కాదు, పక్కన నిలబడ్డ కొడుకో అల్లుడో. ప్రేమతోనే అంటారు. ఆ ప్రేమకి నేను చెప్పే జవాబు: వదిలేసిన పుండు ఆయన్ని ఊరికే ఉండనివ్వదు. వాసన వస్తుంది, ఈగలు మూగుతాయి, రోజుకు రెండుసార్లు కట్టు మార్చాలి, మనుషులు పక్కన కూర్చోరు. ఎనభై ఏళ్ల పెద్దాయనకు ముక్కు మీది చిన్న బేసల్ సెల్ క్యాన్సర్ తీయడానికి పూర్తి మత్తు అక్కర్లేదు. ఆ చోట మాత్రమే మొద్దుబారేలా సూది ఇచ్చి, మాట్లాడుతూనే గంటలో తీసేయొచ్చు. గుండెజబ్బు, షుగర్, బీపీ ఉన్నవాళ్లకీ చేస్తున్నాం. మొదటిసారే సరిగ్గా అంచులు వదిలి తీస్తే ఇది నూటికి తొంభై అయిదు మందికి పైగా తిరిగి రాదు. కత్తి కుదరనివాళ్లకు రేడియేషన్ ఉంది. ఖర్చు భయపెడితే హైదరాబాద్‌లో ఎం.ఎన్.జె. ప్రభుత్వ క్యాన్సర్ ఆస్పత్రి ఉంది. 70 దాటినవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఆయుష్మాన్ భారత్ కార్డు ఇస్తున్నారు, ముందే తీసి పెట్టుకోండి.

ఆపరేషన్ అయ్యాక కుట్లు విప్పించుకుని వదిలేయకూడదు. మొదటి రెండు మూడేళ్లు డాక్టరు చెప్పిన గడువుకల్లా వచ్చి చూపించుకోవాలి, ఎందుకంటే తిరిగొచ్చేవి ఎక్కువగా ఈ కాలంలోనే బయటపడతాయి. స్క్వేమస్ సెల్, మెలనోమా అయితే గజ్జలు, చంకలు, మెడలో బిళ్లలు తగులుతున్నాయేమో ప్రతిసారీ తడిమి చూస్తాం. ఇంట్లో నెలకోసారి, తలంటుకునే రోజున, అరికాళ్లు, వేళ్ల సందులు, గోళ్లు, చెవుల వెనక, నడుము, పాత మచ్చలు ఎవరైనా ఒకరు చూడండి. కొత్తది కనిపిస్తే పక్కన స్కేలు పెట్టి ఫోన్‌లో ఫొటో తీసి, తేదీతో దాచి, వచ్చేటప్పుడు ఆ ఫోన్ తీసుకురండి.