మీ గదికి ఎన్ని వాట్లు కావాలి?

ఆంప్లిఫయర్ కొనేటప్పుడు మొదట అడిగే ప్రశ్న "ఎన్ని వాట్లు?" స్పీకర్లు కొనేటప్పుడూ అదే ప్రశ్న. రెండు అంకెలూ ఒకటైతే జోడీ కుదిరినట్టేనని చాలామంది నమ్మకం. వంద వాట్ల స్పీకర్‌కి వంద వాట్ల ఆంప్లిఫయర్ అన్నమాట. కానీ ఆ రెండు వందలూ చెప్పేది ఒకే సంగతి కాదు. ఆంప్లిఫయర్ మీద ఉన్నది అది ఇవ్వగల విద్యుత్ శక్తి. స్పీకర్ వెనక రాసి ఉన్నది, కాలిపోకుండా అది ఎంతవరకు తట్టుకోగలదో చెప్పే హద్దు. ఆ స్పీకర్ ఎంత గట్టిగా మోగుతుందో రెండింటిలో ఏదీ చెప్పదు.

అది చెప్పే అంకె పేరు సెన్సిటివిటీ. స్పీకర్‌కి 2.83 వోల్టులు అందించి, మీటరు దూరంలో మైకు పెట్టి, ఎన్ని డెసిబెల్స్ వచ్చాయో కొలుస్తారు. 8 ఓముల (విద్యుత్ నిరోధాన్ని కొలిచే ప్రమాణం ఓము) స్పీకర్‌కి 2.83 వోల్టులంటే ఒక వాట్. ఇళ్ళలో వాడే స్పీకర్లు చాలావరకు 84 నుంచి 90 డెసిబెల్స్ మధ్య ఉంటాయి. బూర ఆకారంలో ఉండే పెద్ద హార్న్ స్పీకర్లు 100 దాటుతాయి. అంకెల్లో తేడా చిన్నదిగానే కనిపిస్తుంది. కానీ డెసిబెల్ సంవర్గమానాల మీద నడిచే కొలత. మోత 3 డెసిబెల్స్ పెరగాలంటే శక్తి రెట్టింపు కావాలి. 10 పెరగాలంటే పదింతలు కావాలి. ఆ పదింతల శక్తి కూడా చెవికి ఇంచుమించు రెండింతల మోతగానే తోస్తుంది.

కాబట్టి 50 వాట్ల ఆంప్లిఫయర్ తీసి 100 వాట్లది పెడితే దక్కేది 3 డెసిబెల్సే. వెంటవెంటనే మార్చి వింటే కాస్త పెరిగిందని తెలుస్తుంది, అంతకుమించి ఏమీ లేదు. అదే 85 డెసిబెల్స్ స్పీకర్ బదులు 91ది పెడితే, ఉన్న ఆంప్లిఫయరే నాలుగు రెట్లు పెద్దదైనట్టు లెక్క. అందుకే జోడీ చూడటం స్పీకర్ దగ్గర మొదలవ్వాలని నేను గట్టిగా నమ్ముతాను. వాట్ల మాట ఆ తర్వాత.

మరి అన్ని స్పీకర్లనూ ఎక్కువ సెన్సిటివిటీతోనే ఎందుకు చెయ్యరు? భౌతికశాస్త్రం ఒప్పుకోదు. చిన్న పెట్టె, లోతైన బేస్, ఎక్కువ సెన్సిటివిటీ, ఈ మూడింటిలో రెండే దొరుకుతాయి, మూడోది వదులుకోవాలి. స్పీకర్లు తయారుచేసేవాళ్ళు దీన్ని హాఫ్‌మన్ ఉక్కు నియమం అంటారు. స్పీకర్ల చరిత్రంతా ఈ బేరమే. ట్రాన్సిస్టర్లకు ముందు, గాజు గొట్టాల్లాంటి వాల్వుల కాలంలో ఆంప్లిఫయర్ ఇచ్చేది కొద్ది వాట్లే కాబట్టి, స్పీకరే ఆ కొద్దినీ పెద్దగా వినిపించాల్సి వచ్చేది. 1946లో పాల్ క్లిప్ష్ గది మూలలో ఇమిడే భారీ హార్న్ స్పీకర్‌ను మార్కెట్లోకి తెచ్చాడు. 1954లో ఎడ్గర్ విల్చర్, హెన్రీ క్లాస్ కలిసి గాలి చొరబడని చిన్న పెట్టెలో లోతైన బేస్ రాబట్టారు. బదులుగా పోగొట్టుకున్నది సెన్సిటివిటీ. తర్వాత ట్రాన్సిస్టర్లు వచ్చి వాట్లు చవకయ్యాక ఆ నష్టం ఎవరికీ పెద్దగా పట్టలేదు. ఇవాళ ఇళ్ళలో ఉన్న చిన్న స్పీకర్లు చాలావరకు ఆ రెండో దారిలో వచ్చినవే. 88 డెసిబెల్స్ స్పీకర్‌లోకి వెళ్ళిన విద్యుత్తులో ఒక శాతం కూడా ధ్వనిగా మారదు. మిగతాదంతా, ముఖ్యంగా స్పీకర్‌ను కదిలించే తీగచుట్ట అయిన వాయిస్ కాయిల్‌లో, వేడిగా పోతుంది.

ఇప్పుడు లెక్క చేద్దాం. 87 డెసిబెల్స్ స్పీకర్లు రెండు, కుర్చీ మూడు మీటర్ల దూరంలో. ఆరుబయట దూరం రెట్టింపైన ప్రతిసారీ 6 డెసిబెల్స్ తగ్గుతాయి. గదిలో గోడలూ కప్పూ కొంత ధ్వనిని తిప్పి పంపుతాయి కాబట్టి తరుగు 3, 4 దగ్గర ఆగుతుంది. మీటరు నుంచి మూడు మీటర్లకు వచ్చేసరికి 6 పోయాయనుకుందాం. రెండో స్పీకర్ తోడై 3 కలుస్తాయి. అంటే ఒక్కో స్పీకర్‌కి ఒక్కో వాట్ ఇస్తే కుర్చీ దగ్గర 84 డెసిబెల్స్. ఇంట్లో సంగీతానికి సగటున 80 చాలా గట్టి మోతే. దానికి అర వాట్ కూడా అక్కర్లేదు!

అయితే సంగీతం సగటు దగ్గర ఆగదు. డోలు మీద పడే దెబ్బ, వాద్యబృందమంతా ఒక్కసారి ఎత్తుకునే స్వరం, సగటు కంటే చాలా పైకి లేస్తాయి. బాగా కుదించి రికార్డు చేసిన పాటల్లో ఆ ఎత్తు 6 నుంచి 10 డెసిబెల్స్. సింఫనీ లాంటి వాటిలో 20 దాకా పోతుంది. 80 మీద 20 అంటే 100. మన 84కి ఇంకా 16 కలపాలి, అంటే శక్తి నలభై రెట్లు. ఆ రెప్పపాటు కాలానికి 40 వాట్లు కావాలి. ఇదే గదిలో 97 డెసిబెల్స్ స్పీకర్ ఉంటే 4 వాట్లతో గట్టెక్కుతుంది. 82ది అయితే 126 వాట్లు అడుగుతుంది. గది అదే, చెవి అదే, సంగీతం అదే. తేడా అంతా స్పీకర్‌దే.

అడిగినంత శక్తి ఆంప్లిఫయర్ దగ్గర లేకపోతే? తరంగ శిఖరాలు పైన నరికేసినట్టు చదునవుతాయి. ఇదే క్లిప్పింగ్. "చిన్న ఆంప్లిఫయర్ ట్వీటర్‌ను కాల్చేస్తుంది" అనే మాట ఇక్కడే పుట్టింది. ట్వీటర్ అంటే పెట్టెలో పై స్వరాలు పలికే చిన్న స్పీకర్. అందులో సగమే నిజం. తక్కువ వాట్లు స్పీకర్‌ను ఏమీ చెయ్యవు. చాలని శక్తిని పిండుకోవాలని వాల్యూమ్ ఇంకా ఇంకా తిప్పడమే ప్రమాదం. శిఖరాలు పెరిగే దారి లేదు కానీ వాటి మధ్య ఉన్న మెల్లని భాగాలన్నీ పైకి లేచి సగటు శక్తి పెరుగుతుంది. 50 వాట్ల సైన్ తరంగం పూర్తిగా చదునై చదరపు తరంగమైతే అదే ఆంప్లిఫయర్ 100 వాట్లు పంపుతుంది. పైగా నరికిన అంచుల్లోంచి కొత్తగా పుట్టే పై పౌనఃపున్యాలు నేరుగా ట్వీటర్‌కే చేరతాయి. దాని కాయిల్ సన్నని తీగ. మామూలు సంగీతంలో దాని వాటాకు వచ్చేది కొద్ది శక్తే. ఆ వాటా ఒక్కసారిగా పెరిగితే తట్టుకోలేదు. శబ్దం గరుకుగా వినిపించిన మరుక్షణం వాల్యూమ్ తగ్గించే చెయ్యి ఉంటే 20 వాట్ల ఆంప్లిఫయర్‌తోనూ భయం లేదు. ఆ చెయ్యి లేకపోతే 200 వాట్లదీ స్పీకర్‌ను కాల్చగలదు.

వేడి ఇంకో పని కూడా చేస్తుంది. రాగి ఉష్ణోగ్రత ఒక్కో డిగ్రీ సెల్సియస్ పెరిగినప్పుడల్లా దాని నిరోధం దాదాపు 0.4 శాతం పెరుగుతుంది. కాయిల్ 100 డిగ్రీలు వేడెక్కితే నిరోధం 40 శాతం ఎక్కువవుతుంది, మోత 3 డెసిబెల్స్ దాకా పడిపోతుంది. వాట్లు రెట్టింపు చేసి సంపాదించుకున్నది సరిగ్గా అంతే కదా. చిన్న స్పీకర్‌లోకి పెద్ద శక్తిని తోసి మోత పెంచాలనుకునేవారికి ఎదురయ్యే గోడ ఇదే.

ఓముల సంగతి క్లుప్తంగా. 8 ఓములని రాసినా, ఇంపిడెన్స్, అంటే ఏసీ కరెంటుకు స్పీకర్ చూపే నిరోధం, పౌనఃపున్యంతో పాటు మారుతూనే ఉంటుంది. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం రాసిన విలువలో 80 శాతం కంటే, అంటే 6.4 ఓముల కంటే, కిందికి పోకూడదు. పోయేవీ ఉన్నాయి. 4 ఓముల స్పీకర్ అదే వోల్టేజికి రెట్టింపు కరెంటు లాగుతుంది. కాబట్టి 2.83 వోల్టులకు 90 డెసిబెల్స్ అని గొప్పగా రాసిన 4 ఓముల స్పీకర్ నిజానికి వాట్‌కి 87ది. అలాంటిదానికి 4 ఓములకు కూడా స్పష్టంగా రేటింగ్ ఇచ్చిన ఆంప్లిఫయరే పెట్టాలి.

అట్టపెట్టె మీది వాట్లను మాత్రం గుడ్డిగా నమ్మకండి. రెప్పపాటు శిఖరాన్ని కొలిచి వేలల్లో రాసే పీఎంపీఓ (పీక్ మ్యూజిక్ పవర్ అవుట్‌పుట్) అంకెలకు అర్థం లేదు. ఇలాంటి అతిశయోక్తులు మితిమీరడంతోనే అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1974లో ఆంప్లిఫయర్ శక్తిని ఎలా కొలిచి ప్రకటించాలో నియమం పెట్టింది. ఎన్ని ఓములకు, ఎంత వక్రీకరణతో, నిరంతరంగా ఎన్ని వాట్లు అని రాసి ఉంటేనే ఆ అంకెకు విలువ. వాల్యూమ్ మీట సగంలో ఉంది కాబట్టి ఇంకా సగం శక్తి మిగిలే ఉందనుకోవడమూ పొరపాటే. చాలా ఆంప్లిఫయర్లు సగం దగ్గరే పూర్తి శక్తికి చేరిపోతాయి.

మీకు ఎంత కావాలో ఇంట్లోనే కొలుచుకోవచ్చు. మామూలు మల్టీమీటర్ చాలు. వాల్వు ఆంప్లిఫయర్ అయితే ఈ పని చెయ్యకండి, స్పీకర్ తగిలించకుండా నడిపితే అది దెబ్బతింటుంది. ట్రాన్సిస్టర్‌ది అయితే, బాగా హెచ్చుతగ్గులున్న రికార్డింగ్ పెట్టి, మీరు ఎప్పుడైనా వినే గరిష్ఠ స్థాయికి వాల్యూమ్ తిప్పి, మీటను అక్కడే వదిలెయ్యండి. ఆంప్లిఫయర్ ఆపి, స్పీకర్ తీగలు తీసేసి, తీగలు లేకుండానే ఆంప్లిఫయర్‌ను మళ్ళీ ఆన్ చేసి, డిజిటల్ గరిష్ఠం (డిజిటల్ రికార్డింగ్‌లో పట్టే అత్యధిక స్థాయి) కంటే 12 డెసిబెల్స్ తక్కువగా రికార్డు చేసిన 120 హెర్ట్జ్ పరీక్ష స్వరాన్ని వినిపించండి. స్పీకర్ తగిలించే చోట ఏసీ వోల్టేజి కొలిచి 4తో గుణించండి, వచ్చినదాన్ని వర్గం చేసి స్పీకర్ ఓములతో భాగించండి. మీటరు 3 వోల్టులు చూపితే, 12 వోల్టులు, 8 ఓములకు 18 వాట్లు. మీ ఆంప్లిఫయర్ 40 ఇవ్వగలిగితే మార్చాల్సిన పనే లేదు. లెక్క 150కి చేరితే, కొత్త ఆంప్లిఫయర్ కంటే ముందు కుర్చీని ఒక మీటరు ముందుకు జరిపి, ఇంకొకసారి కొలిచి చూడండి.