తిప్పతీగ టీ తాగుతున్నారా? ముందు బోరు నీళ్ల సంగతి చూడండి

మొన్న ఒంగోలులోని మా ఆయుర్వేద క్లినిక్‌కి పామూరు వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చారు. మోకాళ్ల నొప్పులు. సంచిలోంచి సీసా తీసి బల్ల మీద పెట్టారు. లోపల ముదురు గోధుమరంగు కషాయం.

"తిప్పతీగ టీ అమ్మా. వేపచెట్టు మీద పాకిందే. రెండు పూటలా తాగుతున్నా, నొప్పి మాత్రం తగ్గలా."

తీగ మంచిదే. ఏ నీళ్లు పోస్తున్నారని అడిగాను.

"బోరు నీళ్లే. రెండు గ్లాసులు పోసి అర గ్లాసు అయ్యేదాకా మరగబెడతా."

అపోహ: బాగా మరిగిస్తే నీళ్లలోని దోషం పోతుంది.

వాస్తవం: క్రిములు పోతాయి, ఫ్లోరైడ్ పోదు. కనిగిరి, పామూరు బోర్లలో ఎముకలను, కీళ్లను దెబ్బతీసే ఈ ఫ్లోరైడ్ ఎక్కువన్న సంగతి మనకు కొత్త కాదు. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మి.గ్రా. దాటకూడదు. 2 మి.గ్రా. ఉన్న నీళ్లను నాలుగో వంతుకు మరిగిస్తే లెక్క ప్రకారం అది 8కి చేరుతుంది. రెండు గ్లాసుల ఫ్లోరైడ్ అర గ్లాసులోకి దిగుతుందన్నమాట. ఆయన నొప్పికి ఇదే కారణమని నేను అనను. కానీ మందు రాసేముందు నీళ్లు మార్పించాను. ఆర్‌ఓ ప్లాంటు క్యాన్ నీళ్లు చాలు.

అసలు మరిగించకుండా తాగే పద్ధతి కూడా ఉంది, హిమం అంటాం. పచ్చి కాడ పై పొర గీకి, రోట్లో నలగ్గొట్టి (చేతికి జిగట అంటుకుంటుంది), ఆరు రెట్ల నీళ్లలో రాత్రంతా నానబెట్టి పొద్దున వడగట్టడమే. గ్యాస్ కూడా మిగులుతుంది. కషాయమే కావాలంటే ఒక వంతు కాడకు పదహారు వంతుల నీళ్లు పోసి, నాలుగో వంతు మిగిలేదాకా స్టీలు గిన్నెలో సన్న సెగ మీద కాచండి. ఏ పూటది ఆ పూటే తాగాలి. పాలు, టీపొడి, చక్కెర వేస్తే అది ఉత్త టీనే.

అపోహ: వేప మీద పాకిందే మందు, కంచె మీదిది పనికిరాదు.

వాస్తవం: తిప్పతీగ బదనిక కాదు, చెట్టు రసం పీల్చదు. దాని వేళ్లు నేలలోనే ఉంటాయి. వేప మీదిది శ్రేష్ఠమని మా పెద్దలు చెప్పారు, దొరికితే నేనూ అదే కోస్తాను. అంతకంటే ముఖ్యం, అది తిప్పతీగేనా అని చూసుకోవడం. గుండె ఆకారం ఆకు చూసి నమ్మొద్దు, కాడ చూడండి. పై పొర కాగితంలా లేస్తుంది, గోరుతో గీకితే కింద పచ్చగా ఉంటుంది. అడ్డంగా కోస్తే బండిచక్రం ఆకుల్లా గీతలు కనిపిస్తాయి. కాడ నిండా బొడిపెలుంటే అది వేరే జాతి, వదిలేయండి.

అపోహ: ఆకుమందుకు సైడ్ ఎఫెక్ట్స్ ఉండవు.

వాస్తవం: 2021 మే నెలలో కృష్ణపట్నంలో కరోనా ఆకుమందు కోసం జనం బారులు తీరిన రోజులు గుర్తున్నాయా? ఇంటింటా కషాయమే. ఆ ఏడాదే ముంబై వైద్యులు తిప్పతీగ వాడిన ఆరుగురిలో లివర్ దెబ్బతిన్న సంగతి ప్రచురించారు. వాళ్లు వాడింది అసలు తిప్పతీగేనా అని ఆయుష్ శాఖ ప్రశ్నించింది. మా వాళ్లలో వాదన ఇంకా నడుస్తూనే ఉంది. నేను మాత్రం లివర్ జబ్బు, లూపస్ లాంటి ఆటోఇమ్యూన్ సమస్యలు (ఒంట్లోని రోగనిరోధక శక్తే ఒంటి మీద తిరగబడే జబ్బులు) ఉన్నవాళ్లకు, గర్భిణులకు ఇవ్వడం లేదు. కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా వెంటనే ఆపేసి డాక్టరు దగ్గరికి వెళ్లి రక్తపరీక్ష చేయించుకోవాలి.

షుగర్ మాత్రలు మానేసి ఇది తాగుతామంటే ఒప్పుకోను. మాత్రలతో కలిపి తాగినా షుగర్ మరీ పడిపోయి చెమటలు, వణుకు రావచ్చు. మీ డాక్టరుకు చెప్పే మొదలుపెట్టండి.

అపోహ: డబ్బాలో పొడి అయితే పవర్ ఎక్కువ.

వాస్తవం: తిప్పతీగను పచ్చిగానే వాడమని మా పాత ఆయుర్వేద గ్రంథం శార్ఙ్గధర సంహిత చెబుతోంది. ఆ పచ్చిదనం తొందరగా పోయేది కూడా కాదు. మా క్లినిక్ కిటికీ మేకుకు తగిలించి మరిచిపోయిన ముక్క ఒకటి, నీటిచుక్క లేకుండానే చిగురు వేసింది. పొడి డబ్బా పట్టుకొచ్చేవాళ్లకు జానెడు కాడ ఇచ్చి, దొడ్లో గుచ్చుకోమంటున్నాను.