“నా మీద తప్పుడు కేసు పెట్టింది మేడమ్”: గృహహింస ఆరోపణలపై అపోహలు - వాస్తవాలు

కుటుంబ కేసులు చూసే న్యాయవాదిని. నా దగ్గరికి భార్యలూ వస్తారు, భర్తలూ వస్తారు. వచ్చే ఆడవాళ్లలో ఎక్కువమంది ఏళ్లతరబడి ఓర్చుకుని, ఇక వల్లకాక గడప దాటినవాళ్లే. ఆ సంగతి మరిచిపోయి రాయడం లేదు. కానీ చెయ్యని తప్పు నెత్తిన పడ్డవాళ్లు కూడా వస్తారు. కంగారులో తమ కేసును తామే పాడుచేసుకోవడం చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

అపోహ: “నేను చెయ్యి చేసుకోలేదు. కాబట్టి ఇది తప్పుడు కేసే.”

2005 నాటి గృహహింస చట్టంలో హింస అంటే కొట్టడం ఒక్కటే కాదు. తిట్లు, అవమానాలు, లైంగిక హింస, ఇంటి ఖర్చులకు డబ్బివ్వకపోవడం, ఆమె నగలు అమ్మేయడం, అన్నీ అందులోకే వస్తాయి. అందుకే మొదటిరోజు తెల్లకాగితం మధ్యలో గీత గీసి క్లయింటు ముందు పెడతాను. ఒకవైపు ‘జరిగింది’, రెండోవైపు ‘జరగలేదు’. ఫిర్యాదులోని ఒక్కో వాక్యాన్నీ చదివి ఎటు రాయాలో ఆయన్నే చెప్పమంటాను. మొన్న ఒకతను తొమ్మిది వాక్యాలు గబగబా ‘జరగలేదు’ వైపు రాయించి, పదోదాని దగ్గర ఆగిపోయాడు. ఆమె ఏటీఎం కార్డు ఏడాదిగా అతని జేబులోనే ఉంది. అది ఒప్పుకున్నాకే మిగతా తొమ్మిదింటికి కౌంటర్, అంటే కోర్టుకిచ్చే జవాబు, రాయడం మొదలుపెట్టాను. ఉన్నదాన్ని లేదని బుకాయిస్తే, నిజంగా లేనిదాన్ని లేదన్నా జడ్జి నమ్మరు.

అపోహ: “కేసు పెడితే చాలు, మర్నాడే ఇంటిల్లిపాదినీ లోపలేస్తారు.”

ముందుగా ఏ కేసో తెలుసుకోండి. భార్యపై భర్త, అత్తింటివాళ్ల క్రూరత్వానికి పెట్టే ఐపీసీ 498ఏ (2024 జులై 1 నుంచి జరిగిన ఘటనలకైతే భారతీయ న్యాయ సంహితలో 85వ సెక్షన్) క్రిమినల్ కేసు. మూడేళ్ల వరకు శిక్ష పడొచ్చు. జనం డీవీసీ అనేది, అంటే గృహహింస చట్టం కింద వేసే కేసు, వేరు. అది మేజిస్ట్రేట్ కోర్టులోనే నడిచినా రక్షణ, నివాసం, మెయింటెనెన్స్ లాంటి ఉత్తర్వుల కోసం వేసేది. ఆ నోటీసు వచ్చిందంటే అరెస్టు వారెంట్ వచ్చినట్టు కాదు.

498ఏ విషయంలో 2014లో అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది: ఏడేళ్లలోపు శిక్ష ఉన్న నేరాల్లో యాంత్రికంగా అరెస్టు చేయకూడదు, ఎందుకు అవసరమో పోలీసులు కాగితం మీద పెట్టాలి. మామూలుగా ముందు హాజరు కమ్మని నోటీసిస్తారు. పాతవాళ్లు దాన్ని 41ఏ నోటీసంటారు, ఇప్పుడది సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన నాగరిక్ సురక్షా సంహితలో 35వ సెక్షన్. ఆ నోటీసు అందాక ఫోన్ స్విచాఫ్ చేసి ఊరు దాటితే, అరెస్టుకు కారణం మీరే ఇచ్చినట్టు. వెళ్లండి, అడిగినవి ఇవ్వండి, ఇచ్చినవాటికి రసీదు తీసుకోండి. అరెస్టు భయం నిజంగానే ఉంటే ముందస్తు బెయిల్ ఉంది.

అపోహ: “అబద్ధపు కేసుకి కోర్టుకెందుకు వెళ్లాలి?”

వెళ్లకపోతే ఎక్స్‌పార్టీ ఉత్తర్వు, అంటే మీ మాట వినకుండానే ఇచ్చే ఉత్తర్వు, వస్తుంది. అంతే.

అపోహ: “ఒక్కసారి మాట్లాడితే సర్దుకుంటుంది.”

నన్ను ఎక్కువ భయపెట్టేది ఇదే. ఒక కేసులో ఫిర్యాదైన రాత్రి అబ్బాయి తల్లి కోడలికి ఫోన్ చేసి, “కేసు వాపసు తీసుకోకపోతే నీ సంగతి చూస్తా” అంది. ఆవిడ ఏడుస్తూ అన్న మాటే. ఆ కాల్ రికార్డింగ్ కోర్టులో వినిపించినప్పుడు ఏడుపు వినిపించలేదు, బెదిరింపు వినిపించింది. అప్పటిదాకా ఆ ఫిర్యాదులో అత్తగారి మీద గట్టి ఆరోపణే లేదు.

కలవొద్దని రక్షణ ఉత్తర్వు ఉంటే ఇంకా జాగ్రత్త. స్నేహితురాలి ద్వారా పంపిన పుట్టినరోజు మెసేజ్ కూడా ఉల్లంఘన కిందికి రావచ్చు. ఉల్లంఘిస్తే ఏడాది వరకు జైలు, 20,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. రాజీ కావాలంటే లాయర్ల ద్వారా, కోర్టు మీడియేషన్‌లో మాట్లాడుకోవచ్చు.

అపోహ: “స్క్రీన్‌షాట్లున్నాయి, చాలు.”

తేదీ లేకుండా, మధ్యమధ్య కత్తిరించిన స్క్రీన్‌షాట్లు మీకే ఎదురుతిరుగుతాయి. అసలు ఫోన్ అలాగే ఉంచండి, ఏదీ డిలీట్ చేయొద్దు. కోర్టులో దాఖలు చేసేటప్పుడు ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి సాక్ష్య అధినియమ్ (కొత్త సాక్ష్య చట్టం) 63వ సెక్షన్ కింద ఇచ్చే సర్టిఫికెట్ జతచేయాలి. జీతం స్లిప్పులు, బ్యాంక్ స్టేట్‌మెంట్లు, ఆ రోజు ఎక్కడున్నారో చూపే టికెట్లు, ఆస్పత్రి కాగితాలు తేదీల వరుసలో పెట్టుకోండి. ఆమె నగలు, సర్టిఫికెట్లు మీ దగ్గరుంటే లిస్టు రాసి, సంతకం తీసుకుని తిరిగిచ్చేయండి. అవి ఆమెవి.

అపోహ: “ఊళ్లో లేని ఆడపడుచు పేరు కూడా రాశారు. ఇక ఆమె బతుకు కోర్టు చుట్టూనే.”

2024 డిసెంబరులో తెలంగాణ నుంచి వెళ్లిన దారా లక్ష్మీనారాయణ కేసులో, ఎవరు ఏం చేశారో చెప్పకుండా కుటుంబంలో అందరినీ కలిపేసిన ఆరోపణలతో విచారణ నడపకూడదని సుప్రీంకోర్టు ఆ కేసు కొట్టేసింది. మీ కేసులోనూ అలాగే ఉంటే కేసు కొట్టేయమని హైకోర్టులో క్వాష్ పిటిషన్ వేయొచ్చు. ఫలానా రోజు ఫలానా పని చేసిందని రాసి ఉంటే మాత్రం అంత తేలిక కాదు.

అపోహ: “కేసు కొట్టేస్తే ఆమెను జైలుకి పంపొచ్చు.”

ఆరోపణ రుజువు కాకపోవడం వేరు, అబద్ధమని రుజువు కావడం వేరు. కావాలని తప్పుడు కేసు పెట్టారని మీరు చూపగలిగితే న్యాయ సంహితలో తప్పుడు సమాచారం, తప్పుడు ఆరోపణలకు శిక్ష వేసే 217, 248 సెక్షన్లున్నాయి. తప్పుడు ఫిర్యాదు మానసిక క్రూరత్వం కిందికొస్తుందని, దాని ఆధారంగా విడాకులు అడగొచ్చని 2013లో కె.శ్రీనివాసరావు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కానీ మొదటి వారమే ఎదురుకేసు వేద్దామని వచ్చేవాళ్లను నేను ఆపుతాను. ఆ సమయం కౌంటర్‌కి కావాలి.

అపోహ: “కేసు తేలేదాకా పిల్లల్ని చూడనివ్వరు.”

అడగరు, అందుకే చూడలేరు. బిడ్డకు హాని లేదనిపిస్తే తండ్రి ఎప్పుడు, ఎక్కడ కలవాలో డీవీసీ విచారించే మేజిస్ట్రేటే ఉత్తర్వులో రాయొచ్చు. నా క్లయింటు ఒకాయన మొదటి వాయిదాలోనే ఆదివారాలు అడిగాడు. ఇచ్చారు. కేసు ఇంకా నడుస్తోంది. ఆయన ఏ ఆదివారమూ తప్పలేదు, పాపను ఒక్కరోజు కూడా ఆలస్యంగా దింపలేదు.