రూపాయి బిళ్ళ తీసెయ్యండి: రికార్డులు, అండర్‌గ్రౌండ్ రాక్ గురించి అపోహలు - వాస్తవాలు

రికార్డు ప్లేయర్లు బాగుచేయడం నా పని, రాక్ రికార్డులు ఏరుకోవడం నా పిచ్చి. రెండూ అనంతపురంలోనే.

అపోహ: మన ఊళ్లో రాక్ ఏంది సామీ, అదంతా బెంగళూరు వాళ్ల వ్యవహారం.

బెంగళూరు మనకు రెండొందల కిలోమీటర్లు, అంతే. తొంభైల్లో అక్కడ ఇంజనీరింగ్ చదివే మా వీధి పిల్లోళ్లు పండక్కి వస్తే బ్యాగులో బట్టలకన్నా క్యాసెట్లే ఎక్కువ ఉండేవి. ఒకదాన్నుంచి ఇంకోదానికి, దాన్నుంచి మరోదానికి ఎక్కించుకుంటూ పోయి చివరికి నా చేతికొచ్చే కాపీలో పాటకన్నా బుస్సుమనే చప్పుడే ఎక్కువ, డ్రమ్స్ పక్కింట్లో ఎవరో వాయిస్తున్నట్టుండేవి, అయినా టేపు అరిగేదాకా విన్నాం. అందులో ఒక ఆల్బమ్ అసలు రికార్డు పదేళ్ల తర్వాత దొరికింది. బేస్ గిటార్ కూడా ఉందని అప్పుడే తెలిసింది.

అపోహ: అండర్‌గ్రౌండ్ అంటే దయ్యాల పూజ, గంజాయి.

పెద్ద కంపెనీ డబ్బు లేకుండా సొంతంగా పాడుకుని, సొంతంగా రికార్డు వేసుకునేదే అండర్‌గ్రౌండ్. 1980లో వాషింగ్టన్ కుర్రాళ్ల బ్యాండ్ టీన్ ఐడల్స్ విడిపోతూ, షోలకు వచ్చిన డబ్బులు పంచుకోకుండా దాంతోనే ఒక చిన్న రికార్డు వేయించింది. వెయ్యి కాపీలు. అట్టలు వాళ్లే కత్తిరించి, పెళ్లి పత్రికల్లా మడిచి, గమ్ అంటించారు. డిస్కార్డ్ అనే లేబుల్ అలా మొదలైంది. వాళ్లలో ఇద్దరు తర్వాత పెట్టిన మైనర్ థ్రెట్ అయితే మత్తు మాకొద్దనే పాడింది. తమాషా ఏంటంటే, మన దేశంలో కాలేజీ రాక్ బ్యాండ్లకు సిమ్లా బీట్ అని పోటీ పెట్టి, 1970లో, 71లో ఎల్పీలు (ఒక్కో వైపు ఇరవై నిమిషాల దాకా పాడే పెద్ద రికార్డులు) తెచ్చింది మాత్రం సిగరెట్ల కంపెనీ! ఇప్పుడు వాటికోసం రికార్డు కలెక్టర్లు కొట్టుకుంటున్నారు.

అపోహ: ముల్లు గెంతుతుంటే పైన రూపాయి బిళ్ళ పెడితే సరి.

నా దగ్గరికొచ్చే ప్లేయర్లలో చాలావాటికి ముల్లుండే తల మీద సెల్లోటేపు మరక ఉంటుంది. 2011లో వచ్చిన రకం రూపాయి బిళ్ళ 3.79 గ్రాములు. మంచి మాగ్నెటిక్ కార్ట్రిడ్జ్ (ముల్లు బిగించే డబ్బీ) అయితే ముల్లు గాడి మీద మోపాల్సిన బరువు అటూఇటూగా రెండు గ్రాములు. ఒకరు ఎక్కాల్సిన సైకిల్ మీద ముగ్గుర్ని ఎక్కిస్తే టైరు ఏమవుతుందో గాడి కూడా అదే అవుతుంది. గెంతడానికి అసలు కారణం వేరే ఉంటుంది: ప్లేయర్ ఒక పక్కకు వాలి ఉండొచ్చు, ఆర్మ్ కీలులో గ్రీజు గట్టిపడి ఉండొచ్చు, చాలాసార్లు ఉత్త దుమ్ము. మొన్న కర్నూలు నుంచి ఒకాయన మిషన్ పాడైందని ఒళ్లో పెట్టుకుని బస్సులో తెచ్చాడు. ముల్లు కొసకు ఆవగింజంత దుమ్ము ఉండ. సన్న కుంచెతో వెనకనుంచి ముందుకు రెండుసార్లు తుడిచి, తల మీది రూపాయి తీసి ఆయన చేతిలో పెట్టా. పాట ఆగకుండా నడిచింది.

అపోహ: ఏ రికార్డైనా స్పిరిట్‌తో తుడవొచ్చు.

తాతల కాలం 78 ప్లేట్లు, అంటే నిమిషానికి 78 చుట్లు తిరిగే రికార్డులు, లక్కతో చేసినవి. వడ్రంగులు స్పిరిట్లో లక్క కరిగించే కదా పాలిష్ పెట్టేది! కరోనా రోజుల్లో ఒక అక్క, పాపం, వాళ్ల నాన్నగారి పద్యాల ప్లేట్లన్నీ శానిటైజర్‌తో తుడిచి తెచ్చింది. పద్యం పోయింది, గురక మిగిలింది. వాటికి డిస్టిల్డ్ వాటర్లో ఒక చుక్క డిష్‌వాష్ లిక్విడ్, మెత్తటి గుడ్డ చాలు, లేబుల్ తడవకూడదు. ఇంకో మాట, 78లకు ముల్లు కూడా వేరే, లావుది. ఎల్పీ ముల్లు పెట్టొద్దు.

ఎండ సంగతి. మన పొడి గాలికి బూజు తక్కువ, అది లాభమే. కానీ ఎల్పీలు చేసే ప్లాస్టిక్, వినైల్, వేడికి మెత్తబడుతుంది. ఒకసారి బెంగళూరు నుంచి వస్తూ పెనుకొండలో భోజనానికి ఆగాను, కారు వెనక సీట్లో ఎల్పీ. తిరిగొచ్చేసరికి వేయించిన అప్పడం. రేకుల గదిలో అసలు పెట్టొద్దు, పడుకోబెట్టొద్దు, పుస్తకాల్లా నిలబెట్టండి.

అపోహ: పాతదైతే లక్షలు వస్తాయి.

రావు. వేలకు వేలు అమ్ముడైన సినిమా ఎల్పీకి నేను రెండొందలు కూడా ఇవ్వను. ఎన్ని వేశారు, ఏ ముద్రణ, ఎలా ఉంది, ఇవే చూస్తాం. పాట అయిపోయాక లేబుల్ దాకా ఖాళీ పట్టీ ఉంటుంది చూడండి, ట్యూబ్‌లైటు కింద ఏటవాలుగా పట్టుకుంటే అక్కడ నంబర్లు కనిపిస్తాయి. ఒక్కోసారి చేత్తో గీకిన అక్షరాలూ ఉంటాయి. ఇంగ్లండులో రికార్డుల అచ్చుకు మొదటి గాడి చెక్కే జార్జ్ పెకమ్ అనే ఆయన తాను చెక్కిన వాటి మీద "ఎ పోర్కీ ప్రైమ్ కట్" అని రాసేవాడు. నా బీరువాలో అలాంటిది ఒకటుంది, వచ్చినవాళ్లందరికీ చూపించి విసిగిస్తుంటా.

అపోహ: రికార్డు సౌండ్ ముందు సీడీ పనికిరాదు.

ఈ మాటకు నా తోటి కలెక్టర్లు తిడతారు. ఎల్పీ అంచున సెకనుకు 50 సెంటీమీటర్ల గాడి ముల్లు కింద నడుస్తుంది, లేబుల్ దగ్గరికొచ్చేసరికి అది 20 చిల్లరే. అంత తక్కువ గాడిలోనే పాట ఇరకాలి, అందుకే చివరి పాట కొంచెం మసకబారుతుంది, సీడీకి ఆ బాధ లేదు. అయినా నేను రికార్డే పెడతాను, ఇరవై నిమిషాలకోసారి లేచి తిప్పాలి కాబట్టి ఫోన్ పట్టుకుని కూర్చోలేం.

ఆదివారం సాయంత్రం మా మిద్దె మీద నలుగురైదుగురం చేరతాం. మీ ఇంట్లో అటక మీద ప్లేట్లుంటే పట్టుకురండి, తుడవకుండా తెస్తే చాలు.